రెండువేలు దాటితే ఎరుపు

వరంగల్

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో ఉత్తరాలు వచ్చేది నాకొక్కదానికే. అందరూ చుట్టూ మూగి చూశారు. ఈ ఆదివారం కూడా వార్డెన్ ఫోన్ నుంచి నీతో మాట్లాడదామనుకుంటే, "మీ నాన్న కారు కడుగుతున్నడు" అంది అమ్మ. ఎప్పుడు చేసినా కడుగుతూనే ఉంటావా? పోనీలే. ఫోన్లో మాట ఆవిరైపోతుంది, ఉత్తరం దిండు కింద ఉంటుంది. ఈ వాక్యం రాసి నేనే ఇంకోసారి చదువుకున్నాను, బాగుంది కదూ?

ఇక్కడ ఫోన్లు పెట్టుకోనివ్వరు కాబట్టి ఇంట్లో పడి ఉన్న నా ఫోన్‌ని మన టాక్సీలో బిగించి, ఇంజన్ వేగం అంకెల్లో చూసుకోవచ్చా అని అడిగావు. చూసుకోవచ్చు. మా ఫిజిక్స్ మేడమ్‌ను అడిగి రాస్తున్నాను. జగదీశ్ మార్కెట్లో ఓబీడీ అడాప్టర్ అని అడుగు, అగ్గిపెట్టెంత ఉంటుంది. స్టీరింగ్ కింద, మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించే సాకెట్లో దాన్ని గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కి అంకెలు పంపుతుంది. ఫోన్ చార్జింగ్ వైరు మాత్రం, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోవాలి. స్టాండ్ ఎండ తగలని చోట బిగించు.

ఒక్కటే అర్థం కాలేదు. "గేరెప్పుడు మార్చాల్నో ఇంజనే చెప్తది, ఇనాలె అంతే" అని గొప్పలు పోయేవాడివి. ఇప్పుడు అంకెలెందుకు?

నీ బిడ్డ
అక్షిత

నాంపల్లి

ప్రియమైన బిడ్డకు,

నువ్వు రాసినట్టే చేశాం, ఒక్క తప్పు తప్ప. ఎలక్ట్రీషియన్ పవన్‌కుమార్ తొందరలో, ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకి వైరు కలిపాడు. రాత్రంతా ఫోన్ వెలుగుతూనే ఉంది. తెల్లారేసరికి కారు పాత బ్యాటరీ ఖాళీ. గల్లీ అంతా కలిసి కారు తోశారు. పవన్ నా ముందుకొచ్చి, "ఏంది ప్రహ్లాదన్నా, కారును విమానం జేస్తున్నవా?" అన్నాడు. "ఔ, నిన్నెక్కించుకొని శంషాబాద్‌ల దిగుత, తోయ్ జర" అన్నాను.

ఇప్పుడు బాగుంది. అంకె చూసే గేర్లు మారుస్తున్నాను. రెండువేలు దాటితే అది ఎర్రగా మారేలా చేయొచ్చా? కంటి చివరనుంచి కూడా తెలియాలి. ఎందుకన్నావు కదా, బండి పాతబడింది, ఇంజన్ గొంతు తగ్గింది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నీకోసం నిఘంటువు కొన్నాను. అట్ట లేదు గానీ మాటలన్నీ ఉన్నాయి.

ఆశీస్సులతో
నాన్న

వరంగల్

ప్రియమైన నాన్నకు,

తెర మీది అంకెను వేలితో నొక్కి పట్టుకో. హెచ్చరిక అని వస్తుంది. అక్కడ రెండువేలు వేసి, ఎరుపు ఎంచుకో.

పని సంగతి అయింది. ఇక కోపం సంగతి. మొన్న నేను పట్టుబడితే అమ్మ నీ చేతికి ఫోన్ ఇచ్చింది. "నాన్నా, నా కథకు కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది" అన్నాను. "తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అన్నావు. మళ్లీ చెప్పాను. "మంచిది, పైలం" అని పెట్టేశావు. నా వెనక వరుసలో ఉన్న అమ్మాయిలు నవ్వారు.

సైన్సు చదవమని పంపితే కథలు రాస్తున్నానని కోపమా? ఇష్టం లేకపోతే చెప్పు, మానేస్తాను.

అక్షిత

నాంపల్లి

ప్రియమైన అక్షితకు,

బహుమతి సంగతి నీ ఉత్తరం చదివాకే తెలిసింది. మానేయకు.

నాకు చెవులు వినిపించడం లేదు బిడ్డా. ఎడమది నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే పోయింది, కుడిది నువ్వు హాస్టల్‌కి వెళ్లాక. నరం దెబ్బతిన్నదని, మిషన్ పెట్టినా లాభం లేదని దవాఖానాలో కాగితం మీద రాసి చూపించారు. నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఇంజన్ గొంతు బాగానే ఉంది. నీ ఫోన్ ఉంటే ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తాననుకున్నాను. ఇంజన్‌తో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

సోమవారం లక్డీకాపూల్‌లో నీ ఈడు పిల్ల ఎక్కింది. పెదవులు చూసి అఫ్జల్‌గంజ్ అందనుకున్నాను. ముందు రోడ్డు, పక్కన అంకె, అవే చూస్తూ నడిపాను. అబిడ్స్ దాటి చాలా దూరం వచ్చాక అద్దంలో చూస్తే, ఆ పిల్ల రెండు చేతులూ జోడించి ఏడుస్తోంది. వెనక్కి, అబిడ్స్ వైపు చూపిస్తోంది. ఎంతసేపటినుంచి ఆపమంటోందో తెలియదు. ఆపగానే తలుపు తీసి, ఒక చెప్పు వదిలేసి పరుగెత్తింది. "నాకు ఇనబడది బిడ్డా!" అని అరిచాను. నా అరుపుకి ఇంకా భయపడింది. నన్ను ఏమనుకుందో నీకు చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రమే పవన్‌తో నీ ఫోన్ విప్పించి, కారు అమ్మకానికి పెట్టాను. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు కుట్టే పని దొరికింది. ఫికర్ చేయకు.

దసరా సెలవులకు వస్తావు కదా, స్టేషన్‌లో ఉంటాను. జనంలో నన్ను వెనకనుంచి పిలవకు. ఎదురుగా వచ్చి నిలబడు.

నాన్న