బావ కారుకి పాలిష్

మార్చి 3, సోమవారం

బావ ఫోన్ చేశాడు. మాజీ బావ అనాలి. అక్కకి విడాకులయ్యాక ఇదే మొదటిసారి. గొంతులో సిగ్గు మచ్చుకైనా లేదు. ఆదివారం తన రెండో పెళ్ళట. కారు మెరిసిపోవాలట. నా చేతి పాలిష్ ఇంకెవరికీ రాదట.

తీసుకురా బావా అన్నాను. ఎంత తియ్యగా అన్నానంటే నాకే వాంతి వచ్చినంత పనైంది.

అక్కకి పిచ్చి అని ఊరంతా చాటింది ఈ మనిషే. కోపంలో తాళంచెవితో తన కారు గీసేసిందంటూ పెద్దనాన్నకి ఫోన్‌లో ఫోటో చూపించి ఏడ్చాడు. పెద్దనాన్న నమ్మి, పిల్లకి నోరూ చెయ్యీ రెండూ ఎక్కువేనని తేల్చేశాడు. కాపురం ఆ గీతతోనే తెగింది.

మార్చి 4, మంగళవారం

కారు వచ్చింది. నల్లది. విడాకులయ్యాక నా దగ్గరే ఉంటున్న అక్క బాల్కనీ తలుపు వేసేసుకుంది.

కార్లు కడిగి మెరిపించడమే నా పనైనా నాకు గ్యారేజ్ లేదు. పొద్దున మా బిల్డింగ్ నీడ పక్క ఖాళీ స్థలం మీద పడినంతసేపే పని. ఎండ తగిలిందా, షాంపూ అక్కడికక్కడే ఆరి మరకలు కడుతుంది. గాలి లేచిందా, కడిగిందంతా మళ్ళీ కడుక్కోవాలి. రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఇనుప రజను కరిగించే స్ప్రే కొడితే డోర్ల మీద వంకాయ రంగు ధారలు కారాయి. కుళ్ళిన గుడ్ల కంపు. బావకి తగిన సెంటు.

రేపు క్లే. సాగే ముద్ద. తడి పెయింట్ మీద రుద్దితే అంటుకున్న మురికంతా లాగేస్తుంది. కింద పడితే మాత్రం పారెయ్యాలి. ఇసుక పట్టేస్తుంది, ఇక రుద్దిన చోటల్లా గీతలే.

రేపు నా చెయ్యి జారుతుంది. పెళ్ళికొచ్చినవాళ్ళు ఆ కారుని ఎండలో చూడాలి.

మార్చి 5, పొద్దున

క్లే పడేశాను. చెప్పుతో ఇసుకలోకి తొక్కాను కూడా.

మొదలుపెట్టే ముందు అక్క గీసిన గీత చూడాలనిపించింది. చూసి కాసేపు సంతోషిద్దామని. ఎడమవైపు వెనక డోర్ మీద ఏదో నల్ల మైనం పూసి కప్పేశాడు. స్పిరిట్ గుడ్డతో తుడిస్తే ఊడొచ్చింది.

అది తాళంచెవి గీత కాదు. బొటనవేలంత వెడల్పు. డోర్ మీంచి వెనక చక్రం దాకా ఒకే ఎత్తులో పోయింది. కోపంలో ఉన్న మనిషి చెయ్యి అంత తిన్నగా పోతుందా? కొత్త క్లే ముక్క తీసి, డోర్ అంచు మడతలో నొక్కి చూశాను. పసుపు రంగు అంటింది. పెయింట్.

బావ ఆఫీసు సెల్లార్‌లో స్తంభాలన్నీ పసుపే. నేనే ఎన్నోసార్లు అక్కడ కారు కడిగాను. దొంగ వెధవ! తనే స్తంభానికి రాసుకుని అక్క నెత్తిన రుద్దాడు.

మార్చి 5, సాయంత్రం

అక్కకి క్లే చూపించాను. బావని తిడుతుందనుకున్నాను. పసుపు అంటిన చోట గోటితో గీకి చూసింది. తర్వాత చిన్నగా చెప్పింది. అందరూ అంటుంటే, నిజంగా తనే గీసి మర్చిపోయిందేమో అని ఒక్కోసారి అనిపించేదట. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిందట.

బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మార్చి 6, గురువారం

ఇసుక పట్టిన ముద్ద చెత్తలో పడేశాను. ఈ కారుకి కొత్త గీత ఒక్కటి కూడా నా వల్ల పడకూడదు. పడితే ఆ పాత గీత కూడా మా పనే అంటాడు.

మార్చి 7, శుక్రవారం

రాత్రి దుమ్ము కురిసింది, మళ్ళీ కడిగాను. కారంతా క్లే చేసి, స్పిరిట్‌తో తుడిచాను. పాలిష్‌కి సిద్ధమైన కారంత అందవికారం ఇంకోటి ఉండదు. పాత వ్యాక్స్, పూత అన్నీ పోయి ఉన్న లోపమంతా బయటపడుతుంది. నేనిక్కడితో ఆపేస్తున్నాను. ఆ గీత చుట్టూ మాత్రం ఫోటోకి ఫ్రేం కట్టినట్టు మాస్కింగ్ టేపు అంటించాను.

రేపు పొద్దున రమ్మని బావకి చెప్పాను. పెద్దనాన్నకి కూడా.

మార్చి 8, శనివారం

ఇద్దరూ వచ్చారు. బావ కారు చూసి ఇదేం పాలిష్ అని అరిచాడు. పెద్దనాన్న చేతిలో పసుపు అంటిన క్లే పెట్టి, ఇది సెల్లార్ స్తంభాల పెయింటని చెప్పి, డోర్ చూపించాను. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, గీత వెంట వేలు నడిపించుకుంటూ వెనక చక్రం దాకా వెళ్ళాడు. ఇది ఏ స్తంభం అని బావని అడిగాడు. బావ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే చచ్చింది. అప్పుడేదో కంగారులో అలా అనేశాడట, ఇప్పుడవన్నీ ఎందుకట.

అమ్మాయికి క్షమాపణ చెప్పమన్నాడు పెద్దనాన్న.

అక్క అప్పటికే దిగి వచ్చింది. క్షమాపణలేమీ వద్దంది. చేతిలో ఇంటి తాళంచెవి ఉంది. కారు ముందుకెళ్ళి బానెట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి నిదానంగా ఒక గీత గీసింది. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. ఎవరూ ఆపలేదు. పెద్దనాన్న కూడా.

ఇది మాత్రం తనదేనంది. ఇప్పుడు వెళ్ళి అందరికీ చెప్పుకోమంది.

మార్చి 8, సాయంత్రం

బావ ఫోన్ చేశాడు. బానెట్ మీది గీత పాలిష్‌తో పోతుందా అని.

పోదన్నాను.

పోతుంది. అక్క అంత గట్టిగా గీయలేదు.