పుట్టకముందే కుట్టిన కుల్లాయి

చెల్లీ సుజాతా,

అక్క దీవెనలు. నేను, పిల్లలు బాగున్నాం. నువ్వు, మరిది, మీ అత్తమ్మ ఎలా ఉన్నారు? వేళకు తింటున్నావా?

చిక్కడపల్లి గదిలో వానకు గోడలు చెమ్మగిల్లుతున్నాయి. అయినా బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు. నారాయణగూడ కుట్టు దుకాణంలో పని కుదిరింది. మొత్తం కుల్లాయిలే. మా సేటు తాత కాలంలో పెద్దింటి మగవాళ్లు చలికాలం దూది కుల్లాయి లేనిదే పడుకునేవారు కాదట. మంకీ క్యాపులొచ్చాక వాటి రోజులు పోయాయి. ఇప్పుడు పసిపిల్లలకీ, క్యాన్సర్ మందులకు జుట్టు రాలిన రోగులకీ కుడుతున్నాం. రెండింటికీ ఒకటే మెత్తటి గుడ్డ. ఒక్కోసారి ఎవరి తలకు కత్తిరిస్తున్నానో తెలియక చేయి ఆగిపోతుంది.

ఇవాళ పొద్దున మిగిలిన పసుపు గుడ్డతో నీ బిడ్డకొకటి మొదలుపెట్టాను. సేటు చూసి ఎన్నో నెల అన్నాడు. ఎనిమిది అన్నాను.

"పిల్ల పుట్టకముందే కుల్లాయి కుడతరా ఎవరన్న? ఆ సామెత ఊకెనే పుట్టిందా? తీసెయ్ బిడ్డా."

నవ్వేశాను గానీ లోపల భయమేసింది. సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, "నిన్నటి సంది కడుపుల కదుల్తలేదక్కా, పండుకున్నట్టుంది" అని నవ్వావు. సూది వేల్లో దిగింది. కుట్లన్నీ విప్పేశాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈ పొద్దున రోగుల కుల్లాయిల కోసం అశోక్‌నగర్ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. నీ మాట చెప్పాను. ఆమె చేతిలోని సంచి కింద పెట్టేసింది.

"కుల్లాయి సంగతి ఇడిసిపెట్టు. బిడ్డ కదలకుంటే ఒక్క పూట గూడ ఆగొద్దు. ఇప్పుడే దవాఖానకు పొమ్మను."

అప్పటి నుంచి మరిది ఫోన్ కలవట్లేదు. ఊళ్లో నాకు తెలిసిన నంబరు అదొక్కటే. కుట్లు విప్పుకుంటూ ఒక రాత్రంతా పోగొట్టానే తల్లీ! ఏడుపు ఆగట్లేదు.

రాంనగర్‌లో కూరగాయలు దింపి ఊరికొస్తున్న మన బాలన్న చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. అతని ఆటో మీ వాకిట్లోనే ఆగి ఉంటుంది, అందులోనే ఆసుపత్రికి వెళ్లు. అత్తమ్మకు నా దండాలు. వారం వర్జ్యం చూడకుండా నీ వెంట రమ్మని కాళ్లు పట్టుకుని అడిగానని చెప్పు. ఆమె దీవెన నీకిప్పుడు కావాలి. చదవడం అయిందా, ఇక లే.

పిల్లలు బడి నుంచి రాగానే బస్సెక్కుతాను. పసుపు గుడ్డ, టేపు సంచిలో పెట్టుకున్నాను. ఈసారి తల కొలత చూశాకే కుడతాను.

నీ అక్క,
యాదమ్మ