అత్త కార్డు మీద నేను చుట్టిన బీడీలు

జూన్ 9, సోమవారం

అత్త కుర్చీలోంచి లేస్తుంటే కాలు మళ్లీ టక్కుమంది. వంటింట్లో ఉన్న నాకు వినిపించింది. ఇద్దరం విననట్టే ఊరుకున్నాం. తుంటి కీలు మార్పించింది మొన్న దీపావళి తర్వాత. కొత్త కీలు పాతదానికంటే ఎక్కువ ఏడిపిస్తోంది.

జూన్ 12, గురువారం

గ్రాహక్ కోర్టు, అదే వినియోగదారుల కోర్టు నుంచి కాగితం. మా కేసుకి ఆసుపత్రి జవాబు. మేమన్నది ఏమిటి — కీలు వంకరగా కూర్చోబెట్టారు, సర్కారు దవాఖానా డాక్టరు రాసిచ్చాడు, మళ్లీ ఆపరేషన్‌కి పరిహారం ఇవ్వండి అని. వాళ్లనేది — నేల మీద కూర్చోవద్దని చెప్పాం, ఆమె కూర్చుని బీడీలు చుట్టింది, అందుకే జారింది. రుజువు, రోజూ అప్పజెప్పిన బీడీల లెక్క రాసే అత్త బీడీ కార్డేనట.

చదివి నవ్వాను. నిజంగానే నవ్వాను, మూర్ఖురాలిని.

జూన్ 13, శుక్రవారం

కార్డు తీశాను. ఆపరేషన్ అయిన పదో రోజు నుంచి ఒక్క రోజూ ఖాళీ లేదు. ఎందుకుంటుంది? చుట్టింది నేను, పేరు అత్తది. నెలలకొద్దీ ఖాళీగా ఉంటే పేరు కొట్టేస్తారు. ముప్పై ఏళ్ల పీఎఫ్, పింఛను గంగలో కలుస్తాయి. మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఏ తలుపు తట్టినా ఇదే కథ. అత్త మంచాన పడితే కోడలు చుడుతుంది, కోడలు పురిటికి పోతే అత్త చుడుతుంది. తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

జూన్ 16, సోమవారం

వకీలు దగ్గరికి మా ఆయనా నేనూ వెళ్లాం. అన్నీ నేనే చుట్టానని అఫిడవిట్ ఇమ్మన్నాడు. ఒక్కటి కూడా ఆమె చుట్టలేదా అని రెండుసార్లు అడిగాడు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలు కూడా నమ్మరు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించడానికి ఏముంది? కార్డు పోతుందేమో అని మాత్రం గొణిగాను. మా ఆయన పొద్దంతా పవర్‌లూమ్ మోతలో ఉండి ఉండి గట్టిగా మాట్లాడతాడు. ఆఫీసంతా వినపడేలా అన్నాడు —

"కార్డు పోతే పోనీ. అమ్మ కాలుండాలె గదా."

సంతకం పెట్టాను.

జూన్ 17, మంగళవారం

సంతకం సంగతి చెప్పినప్పటి నుంచి అత్త నాతో మాట్లాడటం లేదు. కార్డు మీద బెంగ కాబోలు.

జూన్ 23, సోమవారం

బీడీలు అప్పజెప్పడానికి కంపెనీ బ్రాంచికి వెళ్తే, ఎవరో కొత్త మనిషి గుమాస్తా నర్సయ్య మామ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. నన్ను చూసి పేరు పెట్టి నమస్తే అన్నాడు. నేనెప్పుడూ చూడని మనిషి... ఆసుపత్రి పంపిన వాడట.

జూన్ 26, గురువారం

అందరూ వెళ్లాక నర్సయ్య మామ నన్ను ఆగమన్నాడు. ఎన్నేళ్లుగానో మా కట్టలు విప్పి చూసి తీసుకునేది ఆయనే. గొంతు తగ్గించి అన్నాడు —

"ఆపరేషన్ అయినంక ఆ నెల కట్టలల్ల రెండు చేతులుండె బిడ్డా. నీ మడత నాకెర్కే. మీ అత్త మడత ముప్పై ఏండ్ల సంది చూస్తున్న."

బీడీ మూతి మడవడంలో ఎవరి చెయ్యి వారిదే. ఆయన కళ్లు మోసపోవు.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు నేను యూనిఫామ్‌లు కుట్టే కార్ఖానాకి వెళ్లేదాన్ని. వచ్చి చుట్టడానికి కూర్చుంటే అనుకున్నదానికంటే ముందే పని అయిపోయేది. నా చేతి వేగానికి నేనే మురిసిపోయాను! సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

జూన్ 27, శుక్రవారం

అడిగాను.

"చేసిన. నువ్వొక్కదానివే చస్తుంటివి... సూసుకుంట ఎట్ల కూసోవాలె?"

నేల మీద కూర్చున్నావా అంటే, లేదు, కుర్చీలోనే అంది అత్త. నా వైపు చూడకుండా అంది.

జూన్ 28, శనివారం

అత్త స్నానానికి వెళ్లగానే కుర్చీలో కూర్చుని చేట ఒళ్లో పెట్టుకున్నాను. నిలవదు. పది బీడీలు చుట్టేసరికి పొగాకు సగం నేల మీద. కాళ్లు మడిచి కింద కూర్చుంటే తప్ప ఆ పని కాదు. చిన్నప్పటి నుంచి చుడుతున్నదాన్ని, నాకు తెలియదా? గబగబా ఊడ్చేశాను. తలెత్తితే అత్త తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది.

జూన్ 30, సోమవారం

సర్కారు డాక్టరు మళ్లీ చూశాడు. కీలు చుట్టూ ఎముక అరుగుతోందట. దసరా లోపల ఆపరేషన్ కాకపోతే నడక మీద ఆశ వదులుకోమన్నాడు. కింద కూర్చుంటే ఇలా అవుతుందా అని ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. కింద కూర్చోవడం మంచిది కాదు, కానీ ఈ వంకర ఆపరేషన్ మర్నాటి ఎక్స్‌రేలోనే ఉంది అన్నాడు.

అంటే మా కేసు నిజం. అబద్ధం నా సంతకం ఒక్కటే.

జూలై 3, గురువారం

నర్సయ్య మామను సాక్షిగా పిలిచారు. ఆసుపత్రి తరఫున.

వకీలుకి ఫోన్ చేశాను, ఇచ్చిన అఫిడవిట్ మార్చుకోవచ్చా అని. ఏం మారింది అని అడిగాడు. భయమేసి ఫోన్ పెట్టేశాను. మా ఆయనకింకా చెప్పలేదు.

జూలై 5, శనివారం

నర్సయ్య మామ మా గుమ్మం ముందు నుంచే వెళ్లాడు. టీకి పిలిచాను. పని ఉందన్నాడు.

జూలై 7, సోమవారం

రేపే విచారణ. అత్త ఇన్నాళ్లకు తనంతట తాను నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది.

"ఒక్క బీడీ ముట్టలేదని నేను గూడ చెప్త. నీ మీదికి రానియ్య. ఎట్ల చెప్పాలెనో నేర్పు బిడ్డా."

వద్దు అత్తా, నిజం చెప్పేద్దాం అనాలి. నోటిదాకా వచ్చింది. నిజం చెబితే అబద్ధపు సంతకం పెట్టింది నేనని తేలుతుంది... కేసు పోయి ఆమెకు కాలు పోతుంది. చెప్పకుండా దొరికిపోయినా పోయేది ఆ కాలేనేమో. ఏమీ తెలియడం లేదు.

నేర్పాను. మూడుసార్లు చెప్పించాను. మూడోసారి ఎక్కడా తడబడలేదు, నా కళ్లలోకి చూస్తూ చెప్పింది.

రేపు నర్సయ్య మామ ఎదురుగా ఉంటాడు.