చివరి సాలు పత్తి

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవడానికి నువ్వు లేవని తెలిసే రాస్తున్నాను. బతికుండగా నా మాట ఎప్పుడూ సగంలోనే తుంచేదానివి. ఇవాళ పూర్తిగా విను.

మన నల్లరేగడిలో పత్తి ఏరేటప్పుడు చివరి సాలు ఊళ్ళో దిక్కులేని ఆడవాళ్ళకు వదిలేవాళ్ళం. మన పిల్లవాడికి నీతిశ్లోకాలు నేర్పుతానని నేనంటే, "చేనికి పిల్చుకోని పోతే చాల్లే, చూసి నేర్చుకుంటాడు" అన్నావు. ఏటా తీసుకుపోయావు. ఏం నేర్చుకున్నాడు? కుంపిణీ వర్తకుడు మంచి ధర ఇస్తున్నాడని, ఈ ఏడు ఆ సాలు కూడా తనే ఏరించాడు. ఆశగా వచ్చిన ఆడవాళ్ళ మీదికి ఐదేళ్ళ కూతుర్ని ఉసిగొల్పాడు.

"తాతా, మట్టిగడ్డలేసి తరిమేస్తిని! నాయన నన్ను మెచ్చుకొనె!" అంటూ అది నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

దాన్ని వెంటబెట్టుకుని చేనికి పోయాను. గట్టు మీద ముసలి కుప్పమ్మ కూర్చుని ఉంది. ఏటా నువ్వు దగ్గరుండి ఒడి నింపి పంపిన మనిషే. ఇంకా ఏరని మరో సాలు చూపి, వచ్చి ఏరుకొమ్మన్నాను.

"వేండాం సామీ, నాకొద్దు" అంటూ లేచి, నా వెనక నిలబడ్డ పిల్లకు చేతులు జోడించింది. "కొట్టొద్దు చిన్నమ్మా, పోతా ఉండా."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు మాత్రం అచ్చం నీదే.