కప్పకుండా వదలవలసిన ఒక్క ఫలకం

సౌర పంపుల సంరక్షణాధికారి గారి సముఖమునకు,
మకాం: ఖారీపట్టి.

అర్జీదారు: గేలాభాయ్ ధరమ్‌శీ, ఉప్పు పండించువాడు, పదమూడవ నంబరు ఉప్పుమడి, చిన్న రణ్.

అయ్యా,

విషయం: గాలి హెచ్చరిక దినములలో సౌర ఫలకములకు తొడుగులు వేసి సీలు చేయు ఉత్తర్వు నుండి ఒకే ఒక ఫలకమునకు మినహాయింపు కోరుట గురించి.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా, లోగడ నేను పంపిన రెండు అర్జీలలో మొదటిది 'విషయం' అను పంక్తి లేదనియు, రెండవది అంశములకు వరుస సంఖ్యలు లేవనియు తిరిగి వచ్చినవి. అందుచేత ఈ పర్యాయము విషయమును పైననే రాసి, సంఖ్యలు కూడా వేసితిని. నేను ఏడో తరగతి చదివినవాడిని. ఇంకేమైనా తక్కువైతే దయచేసి తిప్పి పంపవద్దు, ఈసారి అంత వ్యవధి లేదు.

1. తమ కార్యాలయము వారు ఇచ్చిన తొడుగులు మంచివే. అబద్ధం ఆడను. మూడేళ్ళ క్రితం వైశాఖపు గాలికి నా పన్నెండు ఫలకాలలో ఐదు పగిలినవి. గాలికి లేచే ఉప్పు రవ్వ మిగతావాటి అద్దాన్ని గీకిపారేసింది. తొడుగులు వచ్చిన తరువాత ఒక్కటీ పగల్లేదు. కావున "అర్జీదారుకు తొడుగులపై కక్ష గలదు" అని తమ పరిశీలకులు నానావటి గారు రాసిన మాట నిజము కాదు.

2. అయితే మా ఫలకములు ఉప్పునీటి పంపు నడుపుటకు మాత్రమే ఉన్నవని తమరు అనుకొనుచున్నారు. ఈ ఉప్పుటెడారి రణ్‌లో చెట్టు లేదు, గుట్ట లేదు, నీడ లేదు. ఎటు చూసినా ఒకటే నేల. ఇంటి నుంచి కోసు దూరం పోతే ఇల్లెటో చెప్పేది ఏదీ లేదు. మా తాతల కాలంలో ఆడవాళ్ళు చేతి అద్దాన్ని ఎండకు పెట్టి మడిలో ఉన్నవాళ్ళను పిలిచేవారు. సోలార్ వచ్చాక వరుసలో చివరి ఫలకాన్ని అందుకు వాడుతున్నాం. చట్రం పట్టుకొని దాన్ని ఎండకు రెండుసార్లు ఊపితే ఇంటికి రమ్మని. మూడుసార్లు ఊపితే మంచినీళ్ళ ట్యాంకరు వచ్చిందని. ఊపకుండా నిలిపి ఉంచితే, దారి తప్పకు, ఇటే నడువు అని. నడక వచ్చిన ప్రతి పిల్లకూ మొదట నేర్పేది ఇదే: మెరుపు కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకు, అటే పో.

గాలి లేచే రోజునే మనుషులను వెనక్కి పిలవాలి. సరిగ్గా ఆ రోజునే తమరు మా ఫలకములన్నిటికీ నేల రంగు తొడుగు వేసి, తీగ చుట్టి, సీసపు సీలు వేయుచున్నారు. సీలు తెంచినచో పంపు వెనక్కి తీసుకొందుమని ఉత్తర్వు.

3. గత వైశాఖ మాసమున, ఇటువంటి హెచ్చరిక అమలులో ఉండగా, నా అన్న అంబారామ్ ధరమ్‌శీ పై మడికి కట్ట వేయడానికి పోయినాడు. మధ్యాహ్నము గాలి మళ్ళింది. సీలు వేసి ఉన్న చివరి ఫలకం దగ్గర నేను నిలబడి, పంపు పోతుందన్న భయంతో, తీగ మీద చెయ్యి వేసి తీశాను. మళ్ళీ వేసి మళ్ళీ తీశాను. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్య కంకుకు కూడా చెప్పలేదు.

ఆ రోజు రణ్ మొత్తం మీద మెరిసిన వస్తువు ఒక్కటే. అది సీళ్ళు సరిగా ఉన్నవో లేవో చూడటానికి తిరిగిన తమ కార్యాలయపు జీపు అద్దము.

మూడో రోజున మేము జాడ తీశాము. అంబారామ్ అడుగులు మడి నుంచి తిన్నగా వెళ్ళి జీపు చక్రాల జాడలో కలిశాయి. అక్కడి నుంచి రెండు చక్రాల నడుమన ఉత్తరానికి పోయాయి. ఒకచోట జీపు ఆగినట్టుంది; ఢోక్లా తిన్న కాగితాలు, టీ గ్లాసులు పడి ఉన్నాయి. అక్కడికి కొంత ఇవతలి నుంచి అడుగుల మధ్య ఎడం పెరిగింది. అంటే పరుగెత్తాడు. ఆగి ఉంది కదా, ఇల్లే అనుకున్నాడు. తరువాత జీపు బయల్దేరింది. అడుగులు మళ్ళీ నడకకు వచ్చాయి. ఇంకో మూడు కోసులు నడిచాడయ్యా మా అన్న, జీపు వెనకాల.

నేను తమరిని నిందించుట లేదు. అడుగులు ఎటు పోయినవో మాత్రమే మనవి చేయుచున్నాను.

4. తమ కార్యాలయపు నివేదికలో "మృతుడు స్వీయ అజాగ్రత్త వలన దారి తప్పెను" అని ఉన్నది. అంబారామ్ దారి తప్పలేదు. మెరుపు కనిపించిన వైపే పోయినాడు.

5. అన్న భార్య రంభాబెన్ ఇప్పుడు ఆ మడిని ఒంటరిగా చూసుకొనుచున్నది. మా గుడిసెకు పడమరగా రెండు కోసుల దూరము. మధ్యలో బురద నేల గనుక ట్యాంకరు అటు పోదు. ట్యాంకరు రోజున ఆమె ఇక్కడికి నడిచి వచ్చి నీళ్ళు తీసుకొని పోవును. నా భాభీ నోరు మంచిది కాదు, మనసు మంచిది. మొన్న మా గుడిసెలో రొట్టె తింటూ నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏం గేలాభాయ్, ఈసారి కూడా దుప్పటి కప్పి పడుకోబెడతావా నీ ప్యానెళ్ళని? వాటికి చలేస్తుందా పాపం?"

"ఉత్తర్వు భాభీ. నేనేం చెయ్యను? గాలి రోజుల్లో నువ్వు మడి దాటి రాకు."

"నీళ్ళెవడు తెస్తాడు, మీ పెద్ద సాహెబా? చూడు, మెరుపు కనపడితే నేను నడుస్తా. అది నీదో ఇంకొకడిదో ఆలోచిస్తూ కూచోను. మీ అన్నా అంతే కదా."

కంకు "ఛీ, అవేం మాటలు, నోట్లో మన్ను పడ!" అని కసిరింది. భాభీ నవ్వింది.

6. నిన్న ఉదయం నానావటి గారు వచ్చి పన్నెండు ఫలకాలకూ తొడుగులు వేయించారు. నేను చేతులు కట్టుకొని అడిగాను.

"సాహెబ్, చివరిదొక్కటి వదిలెయ్యండి. పగిలితే నాది పూచీ."

"ఎందుకయ్యా?"

"మా వదినని పిలవాలి."

"ఫోన్ చెయ్యి."

"ఇక్కడ సిగ్నల్ ఉండదు సాహెబ్."

"మరి సిగ్నల్ లేని చోట మనిషినెందుకు ఉంచారు?" అని నవ్వి, సీలు నొక్కి, "రేపు పెద్ద సాహెబ్ స్వయంగా తిరుగుతారు. ఒక్క తీగ వదులుగా కనపడినా ఊరుకోరు" అని చెప్పి పోయారు.

పెద్ద సాహెబ్ అనగా తమరే.

పై కారణముల దృష్ట్యా, ఒక్కొక్క ఉప్పుమడికి ఒక్క ఫలకమును గాలి దినములలో తొడుగు లేకుండా ఉంచుటకు అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను. అది పగిలినచో కొత్తది అడుగనని మా మడుల వారందరి వేలిముద్రలు వేయించి ఇవ్వగలను. పన్నెండింట పదకొండు తమరు భద్రంగా కప్పుకోండి. ఒక్కటి మాకు వదలండి. మా కష్టమును తమ ఇంటి కష్టముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేలాభాయ్ ధరమ్‌శీ

మరొక మనవి: సంతకం చేసిన తరువాత రాస్తున్నాను. ఇప్పుడు మూడు గంటలు దాటింది. ట్యాంకరు మధ్యాహ్నమే వచ్చింది. భాభీ ఇంకా రాలేదు. ఆమె పన్నెండింటికే బయల్దేరి ఉంటుంది, రెండు కోసులు నడవటానికి ఇంతసేపు పట్టదు. పడమర ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. గాలి ఇంకా ఇక్కడిదాకా రాలేదు, కాని కంకు ఆరేసిన చీర ఉన్నట్టుండి అటు తిరిగింది.

ఇప్పుడే ట్యాంకరు డ్రైవరు సిదీక్ పైకెక్కి చూసి, "గేలా కాకా, ఉత్తరాన ఏదో మెరుస్తోంది! మనవాళ్ళెవరైనా సీలు విప్పారా?" అని అరిచాడు.

మనవాళ్ళెవరూ విప్పలేదు. అది తమ జీపు.

అయ్యా, సీలు నేను తెంచాను. రాళ్ళతో కొట్టి తెంచాను. అంతలో గాలి వచ్చి తొడుగు ఎటో ఎగిరిపోయింది. పంపు తీసుకుపొండి, మడి తీసుకుపొండి, నన్ను లోపల వేయించండి. ఈ గాలిలో చివరి ఫలకాన్ని నిలిపి పట్టాలంటే ఇద్దరు కావాలి, అందుకే నేనూ కంకూ ఇక్కడ వదిలి రాలేము. కంకు చట్రం పట్టుకొని ఉంటే నేను కాగితాన్ని నేల మీద మోకాలితో అదిమిపెట్టి రాస్తున్నాను. ఎండ ఇంకా ఉంది. ఎంతసేపు ఉంటుందో తెలియదు. భాభీ మా మెరుపు ముందు చూసిందో, తమది ముందు చూసిందో తెలియదు.

ఈ అర్జీని కార్యాలయంలో ఇవ్వవద్దనీ, తమ జీపు వెంటపడి తమ చేతికే ఇమ్మనీ సిదీక్‌ను పంపుతున్నాను. పైన అడిగిన అనుమతి ఇక అక్కర్లేదు. వరుస సంఖ్యలు కూడా చదవవద్దు. ఇది చేతికి అందగానే జీపు ఆపించండి. మాకిచ్చినటువంటి తొడుగు ఒకటి మీ బండిలో ఉంటే దాన్ని జీపు అద్దం మీద కప్పండి. కప్పి, దిగి, వెనక్కి తిరిగి చూడండి.

చక్రాల జాడలో ఎవరైనా నడిచి వస్తుంటే ఆమె పేరు రంభాబెన్. ముందు నీళ్ళు ఇవ్వండి. తిడుతుంది, ఏమీ అనుకోకండి.