ఒకే బటన్‌తో లోపలికి

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ, నీ తోటి ఇంజనీర్లూ క్షేమమని తలుస్తాను. మీ నాన్న మోకాలి సంగతి అడిగావు. కట్టు విప్పారు. మేడ ఎక్కుతూ మెట్టుకొక్కసారి డాక్టర్ని తిడుతున్నారు, అంటే కోలుకున్నట్టే. నువ్వు పంపిన శాలువా కాస్త గుచ్చుకుంటోంది గానీ వదలకుండా కప్పుకుంటున్నాను.

"కొత్త లాగిన్ ఎలా ఉంది? పాస్‌వర్డ్ మర్చిపోయామంటూ నీ ప్రాణం తోడెయ్యడం మానేశారా?" అని కూడా రాశావు. ఇదే ఫోనులోనూ అడిగితే సరిగా జవాబు చెప్పలేదు. మొదటి నుంచీ రాస్తాను, స్థిమితంగా చదువు.

భర్తల చేతుల్లో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళుండే ఇంట్లో కదా నా ఉద్యోగం. వాళ్ళ కోర్టు తేదీలూ, ఆసుపత్రికి వెళ్ళే వేళలూ అన్నీ మా వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. బయటివాళ్ళ చేతిలో పెట్టకూడదని దాన్ని మా సామాన్ల గదిలో సొంత సర్వర్ మీదే నడిపాను. పాస్‌వర్డ్ మార్చాలన్నా నన్నే అడగాలి. అందుకే ఆ ఫోన్లన్నీ. అందరికీ ఉన్న మెయిల్ ఖాతాతోనే లోపలికి రానిస్తే ఈ గోల ఉండదని నువ్వన్నావు. అలాగే చేశాను. ఆ మెయిల్ కంపెనీ దగ్గర మా సైట్‌ను నమోదు చేసి, వాళ్ళిచ్చిన రహస్య సంకేతం తెచ్చి సర్వర్‌లో పెట్టాను. లాగిన్ అయ్యాక తిరిగి రావలసిన చిరునామా చివర ఒక గీత ఎక్కువ పడి పొద్దంతా ఏడిపించింది. "ఇంత ఓపికగా నా మాట ఎప్పుడైనా విన్నావా?" అన్నారు మీ నాన్న.

చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. మెయిల్ చిరునామా ఒకటే అయితే పాత ఖాతాతో దానంతటదే కలిపెయ్యాలా అని. టిక్కు పెట్టాను. ఇకపై పాస్‌వర్డ్ లేకుండా, మెయిల్ ఖాతా బటన్ ఒక్కటి నొక్కి లోపలికి రావచ్చని అందరికీ మెయిల్ పంపాను.

మా దగ్గర ఒక దర్జీ అమ్మాయి ఉండేది. నా జాకెట్లన్నీ వదులు చేసిపెట్టి, "ఇన్నాళ్ళూ ఊపిరెలా పీల్చారమ్మా!" అని నవ్వేది. ఆ అమ్మాయి కంటి ఆసుపత్రి నుంచి బయటికొస్తుంటే భర్త ఇనుప రాడ్‌తో మీద పడ్డాడు. తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టింది. మణికట్టు నుజ్జయిపోయింది. ఇక కత్తెర పట్టడం కుదరదన్నారు డాక్టర్లు.

అక్కడికి వస్తుందని వాడికెలా తెలిసింది? "తనే జాలిపడి చెప్పుంటుంది, మామూలేగా" అంది ఆ ఇల్లు నడిపే మా మేడం. అందరూ తలూపారు. నేను సర్వర్ చూశాను. అంతకుముందు రోజు ఎవరో ఆమె పేరుతో, ఆ బటన్ నొక్కి లోపలికొచ్చి ఆసుపత్రి వేళ చూసుకున్నారు. ఆ వేళకు ఆమె నా ఎదురుగా కూర్చుని బొత్తాలు కుడుతోంది. ఆమె పాత ఫోను వాడి దగ్గరే ఉండిపోయింది, మెయిల్ తెరిచినది తెరిచినట్టే. నేను పంపింది వాడే చదివాడు. సైట్ పాస్‌వర్డ్ వాడికి ఏనాడూ తెలియదు. దాని అవసరమే లేకుండా నేను చేశాను.

వెంటనే ఆ బటన్ తీసేసి మేడంకి చెప్పాను. "ఇప్పుడు చెప్తే ఆ చెయ్యి బాగవుతుందా? ఇల్లు మూయిస్తారు. మిగతావాళ్ళు ఏ గంగలో దూకాలి?" అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. అయినా ఆసుపత్రికి వెళ్ళాను.

ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. గోడ వైపు తిరిగే వింది.

"అయితే మా అమ్మ చెప్పలేదా?" అంది చివరికి.

"మీ అమ్మకేం సంబంధం?"

"కళ్ళు చూపించుకోవాలని ఆమెతో ఒక్కదానితోనే అన్నానండీ. ఆమే చెప్పిందనుకున్నా. మొన్న చూడ్డానికొస్తే నర్సుతో గెంటించేశా."

ఎడమచెయ్యి చాపి నా ఫోను అడిగింది. నంబరు సరిగా నొక్కలేకపోతుంటే నేనే నొక్కాను. అవతల హలో అనగానే, "అమ్మా, నువ్వు కాదంట" అని బావురుమంది. తర్వాత ఫోను తిరిగిచ్చేసి, "మీరింక రావద్దమ్మా. మిమ్మల్ని చూస్తే నాకు చెయ్యి గుర్తొస్తుంది" అంది. లేచి వచ్చేశాను.

పోలీసులకు ఉన్నదున్నట్టు రాసిచ్చాను. మేడం నన్ను పనిలోంచి తీసేసింది. వాడు దొరికాడు. మిగతా ఆడవాళ్ళను వేరేచోట్లకు పంపేశారు. ఇల్లు ఉంటుందో పోతుందో ఇంకా తేలలేదు.

ఇదంతా జరిగాకే తల్లీ, నేను నీకు ఫోనులో "లాగిన్ బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పింది. సలహా నీది కాబట్టి నీకు తెలియనివ్వకూడదనుకున్నాను. కానీ ఎప్పుడో ఎవరి నోటనో వింటే, అమ్మ నన్ను తప్పుపట్టే దాచిందనుకుంటావు. వినవే, మెయిల్ బటన్ పెట్టమనడంలో తప్పులేదు. మా ఇంటికొచ్చే ఆడవాళ్ళ మెయిళ్ళు ఎవరి చేతుల్లో ఉంటాయో నీకు తెలియదు. నాకు తెలుసు. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఆ జాగ్రత్త చెప్పేది నేనే. తెలిసీ టిక్కు పెట్టాను.

ఈసారి రేవుకు చేరి ఫోను చేసినప్పుడు నన్ను ఓదార్చకు. ఆ అమ్మాయి ఎలా ఉందని అడుగు. కనుక్కుని ఉంచుతాను.

ఇట్లు,
నీతో ఇకపై అబద్ధమాడని
మీ అమ్మ