లారీ రాని ఆదివారం

1936 సెప్టెంబరు 6, ఆదివారం

పూజ అయ్యాక ఫాదరు ఆగమన్నారు. పక్కన ఒక తెల్లాయన. వైర్‌లెస్ సొసైటీ సెక్రటరీ అట. ఆదివారం సాయంత్రాలు కొండ మీది షెడ్డులోంచి రేడియో ప్రోగ్రాం వేస్తారు కదా, అందులో తమిళం పాటలు అయిపోయినాయి, మలాయ్ పాటలు అయిపోయినాయి, ఇప్పుడు ఒక తెలుగు గొంతు కావాలట. మన మార్గరెట్ టీచరు పాడుతుందని ఫాదరే చెప్పేసినారు. నేను కుదరదన్నాను. మా ఇంట్లో పాడేది నా చెల్లి డొరతీ. అది జూన్‌లో పోయింది. నాకు నోరు తెరవబుద్ధి కాదు.

గేటు దాకా వచ్చేసినాను. వెనక సెక్రటరీ ఫాదరుతో చెప్తున్నాడు. ఎస్టేట్లలో కూడా ఇప్పుడు సెట్లు వచ్చినాయి, కజాంగ్ దగ్గర ఒక హెడ్ కిరాణీ, అదే పెద్ద గుమస్తా, తన సెట్టు వరండాలో పెట్టి కూలీలందరికీ వినిపిస్తున్నాడు, ఎంత మంచి మనసు, పాట్రిక్ అనుకుంటా పేరు, అని.

వెనక్కి వెళ్ళి, పాడతాను అన్నాను.

సెప్టెంబరు 7, సోమవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

డొరతీ కజాంగ్ ఎస్టేటులో అయ్య దగ్గర ఉండేది. జూన్‌లో ఒక శనివారం కడుపునొప్పి మొదలయింది. ఆదివారం పొద్దున్నకి కడుపు రాయి అయిపోయింది, ముట్టుకోనివ్వలేదు. నేను ఇక్కడ కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాను, నాకేమీ తెలీదు. అయ్య పరిగెత్తుకెళ్ళి మా ఎస్టేటు హెడ్ కిరాణీ పాట్రిక్ కాళ్ళు పట్టుకున్నాడు. ఆస్పత్రికి లారీ ఇప్పించండి బాబూ అని. దొర సెలవు మీద పినాంగ్ పోయినాడు, ఎస్టేటులో పెత్తనమంతా పాట్రిక్‌దే. లారీ పాడయిందిరా, ఇంజను విప్పి పెట్టినారు, ఈలోగా వాము నీళ్ళు పట్టండి అన్నాడు.

పొద్దు వాలేక లారీ వచ్చింది. నిక్షేపంగా వచ్చింది. వెనకాల గడ్డి పరిచి, దాని మీద ఒక చెక్కపెట్టె. బాలింతని దింపినట్టు నలుగురు పట్టి దింపినారట. పాట్రిక్ కొత్త వైర్‌లెస్ సెట్టు. కౌలాలంపూర్ నుంచి. కూలీల లైన్ల ఇళ్ళలో ఉన్నోళ్ళందరూ చూసినారు.

అప్పుడిచ్చినాడు లారీ. డాక్టరు చూసి, లోపల పేగు పగిలిపోయింది, పొద్దున్నే తెచ్చుంటే కోసి బతికించేవాణ్ణి అన్నాడట. మర్నాడు నేనూ అయ్యా పక్కనుండగానే పోయింది.

దొర తిరిగొచ్చి అడిగితే పాట్రిక్ ఇంగ్లీషులో చెప్పినాడు, వీళ్ళు పిల్లని దాచిపెట్టి నాటుమందు పోసినారు సార్, మూర్ఖులు, అని. అయ్య పక్కనే నించోని ఉన్నాడు. అయ్యకి ఇంగ్లీషు రాదు. దొర తనవైపు చూసేసరికి, అవును బాబూ అన్నట్టు తలాడించినాడు. ఇది నాకు చెప్పింది, కాస్త ఇంగ్లీషు అర్థమయ్యే లారీ డ్రైవరు పోలయ్య. చెప్పి, నా పేరు ఎక్కడా ఎత్తకమ్మా అన్నాడు.

దొరకి నేను ఉత్తరం రాసినాను. దొర ఉత్తరాలు విప్పేది పాట్రిక్. అయ్యని పిలిచి, నీ కూతురికి చేతులు దురద పెడుతున్నాయా, నీకు లైన్లో గది వద్దా అని అడిగినాడు.

అయ్య నన్ను ఊరుకోమన్నాడు. ఊరుకున్నాను. లోపల ఊరుకోలేదు.

సెప్టెంబరు 12, శనివారం

పిల్లలకి క్షమాగుణం గురించి పాఠం చెప్పాల్సొచ్చింది. డ్రిల్ చేయించి పంపించేసినాను.

సెప్టెంబరు 16, బుధవారం

రిహార్సల్. మైకు గుండ్రంగా, బిస్కత్తు డబ్బా అంత ఉంది. గోడలకి దుప్పట్లు వేలాడదీసినారు. సెక్రటరీ మర్యాదస్తుడు. పాట అయ్యాక నీ భాషలో శ్రోతలకి రెండు మాటలు చెప్పు అన్నాడు. ఏం చెప్తావు, అర్థం ఇంగ్లీషులో రాసివ్వు అన్నాడు. చచ్చిపోయిన చెల్లెలి మీద అక్క విలాపం అని రాసిచ్చినాను. చాలా టచింగ్ అన్నాడు.

వాళ్ళలో ఒక్కడికీ తెలుగు రాదు. తమిళం అనౌన్సరుని కూడా మాట్లాడించి చూసినాను. తెలుగంటే అతనికి గులకరాళ్ళ చప్పుడే.

రిక్షాలో నవ్వుకుంటూ వచ్చినాను. డొరతీ పోయినాక ఇదే మొదలు.

సెప్టెంబరు 20, ఆదివారం

ఎస్టేటుకి వెళ్ళినాను. పాట్రిక్ కబురు పెట్టినాడు. తెల్ల ప్యాంటు, నూనె పెట్టిన తల. మన ఎస్టేటు పిల్ల రేడియోలో పాడ్డం అంటే మనందరికీ గొప్ప, వచ్చే ఆదివారం దొరనీ దొరసానినీ మా ఇంటికి టీకి పిలిచినాను, లైన్ల వాళ్ళని వాకిట్లో కూర్చోబెడతాను అన్నాడు. వాళ్ళావిడ ఇవాంజలిన్ కేకు పెట్టింది. నేను తిన్నాను. మొత్తం తిన్నాను.

సెట్టు చూపించినాడు. నున్నటి చెక్క, ముందు బంగారు రంగు గుడ్డ. దాని మీద లేసు వేసి ఏసు ప్రభువు బొమ్మ పెట్టినాడు. పాపం డొరతీ ఉండుంటే ఎంత మురిసిపోయేదో, మీవాళ్ళు కాస్త ముందుగా చెప్పుంటే, అన్నాడు. నా మొహం మీదే అన్నాడు. కళ్ళు తడి చేసుకున్నాడు కూడా. తను చెప్పింది తనే నమ్మేసినట్టున్నాడు.

అయ్యని నాతో వచ్చెయ్యమని అడిగినాను. మన సిన్నగుంటని ఇక్కడ మట్టిలో పెట్టీసి నానెక్కడికొస్తానే అన్నాడు. అందుకని అయ్యకి ఏమీ చెప్పలేదు. గది పోతే పోతుంది. నేను చూసుకుంటాను. ఈ మాట తేలిగ్గా రాసినాను, కానీ బస్సు దిగి రాగానే నా గదిలో ఇంకో మంచం పడుతుందా అని కొలిచి చూసినాను.

సెప్టెంబరు 27, ఆదివారం, పొద్దున్న

వాన. కొండ మీద ఎర్ర దీపం వెలిగితే మాట్లాడాలి, ఆరితే ఆపాలి. ఇంకేమీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. చెప్పాల్సింది నాకు జూన్ నుంచీ కంఠతా వచ్చు.

అదే రోజు, సాయంత్రం

చెప్పేసినాను.

ముందు కీర్తన పాడినాను. గొంతు బాగానే పలికింది. తరవాత మైకు దగ్గరికి జరిగి, నేను మార్గరెట్‌ని, డొరతీకి తోడబుట్టిన అప్పని అన్నాను. అమ్మల్లారా అయ్యల్లారా, మీరు ఏ పెట్టె ముందు కూర్చోని నా మాట వింటున్నారో ఆ పెట్టె మీద నా చెల్లి ప్రాణం ఉంది అన్నాను. ఆ సండే పాట్రిక్ లారీ లేదన్నాడు. లారీ ఉంది. హాస్పిటల్‌కి పోవాల్సిన లారీ వైర్‌లెస్ తేవడానికి పోయింది. మీరందరూ చూసినారు. ఎవరూ పలకలేదు. ఇవాళ నేను పలుకుతున్నాను, అన్నాను.

సండే, పాట్రిక్, లారీ, హాస్పిటల్, వైర్‌లెస్. ఇవి కావాలనే గట్టిగా పలికినాను. తెలుగు రాని దొరకి కూడా చెవులుంటాయి.

ఆ తరవాత డొరతీ గురించి చెప్పినాను. అది చివర్లో ఏమడిగిందో, ఎవరి పేరు పిలిచిందో. ఏడవలేదు. దీపం ఆరింది.

సెక్రటరీ చెయ్యి పట్టుకుని ఊపినాడు. అంత బాధ తెలీని భాషలో కూడా తెలుస్తుంది అన్నాడు. మధ్యలో లారీ ఎందుకొచ్చింది అని అడిగినాడు. ఇది కొత్త కాలం పాట అన్నాను.

సెప్టెంబరు 28, సోమవారం

కబురు లేదు. అయ్యని బయటికి గెంటేసుంటారా?

సెప్టెంబరు 29, మంగళవారం

కబురు లేదు. అన్నం దిగలేదు.

సెప్టెంబరు 30, బుధవారం

నూకమ్మత్త వచ్చింది. ఎస్టేటులో అయ్య పక్క గది ఆవిడది. బస్సు దిగి, ఆ మలాయ్ కండక్టరు మక్చిక్, అంటే అత్తా, ఎండలో పరిగెత్తకు, పడిపోతావు అంటున్నా వినకుండా స్కూలు గేటు దాకా పరుగే. మంచినీళ్ళు తాగకుండానే మొదలెట్టింది.

పాట వచ్చినంతసేపూ పాట్రిక్ దొర పక్కన కూర్చోని తల ఊపుతున్నాడట. నా మాట మొదలయ్యాక తల ఆగిందట. పాట్రిక్ అన్న పేరు పెట్టెలోంచి వినపడగానే దొరసాని నవ్విందట, మిమ్మల్ని పొగుడుతోంది అని. లారీ అన్న మాట దగ్గర పాట్రిక్ లేచి సెట్టు కట్టేసినాడు. చేతికి తగిలి బొమ్మ కింద పడింది.

కట్టీకపోతే బాగుణ్ణు ఆడికి, దొర ఏడుపు పాటే అనుకునీవోడు, కట్టీసినాడు సూడు, అక్కడ దొరికిపోనాడు, అంది అత్త.

దొర, ఎందుకు ఆపినావు, ఏమంటోంది ఆ అమ్మాయి అన్నాడట. గాలివాన, సిగ్నల్ పోయింది అన్నాడట పాట్రిక్. వాన అప్పటికే వెలిసిపోయింది. దొర వాకిట్లోకి తిరిగి తమిళంలో అడిగినాడు, ఏ లారీ, అని. అప్పుడు నూకమ్మత్త లేచింది. తనకొచ్చిన తమిళంలో, నాను సెప్తాను దొరా అంది. లారీ ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, గడ్డి మీద పెట్టె ఎలా దింపినారు, అన్నీ చెప్పింది. దొర పోలయ్యని పిలిచినాడు. పోలయ్య నేల చూస్తా, అవును అన్నాడు. ఆ అవును అన్నాక ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వాకిట్లో అందరూ లేచి నించున్నారట. పాట్రిక్ మాత్రం కూలబడిపోయినాడు.

మరి అయ్య?

కూకున్నాడే, ఆ పెట్టె కేసి సూస్తా కూకున్నాడు, మళ్ళీ మోగుతాదేమోనని, అంది.

అక్టోబరు 4, ఆదివారం

అయ్య వచ్చినాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా గదికి. తిట్టడానికి అనుకున్నాను. పీట మీద కూర్చోని, ఆడు కట్టీసినాక నువ్వింకా ఏటేటో సెప్పే ఉంటావు గదా, అది నాను ఇన్నేదు, ఇప్పుడు సెప్పు అన్నాడు.

ఎక్కడెక్కడి దొరలో, చీనా షావుకార్లో విన్నారు ఆ ముక్క. ఒక్కడికీ అర్థం కాలేదు. అర్థమయ్యే ఒక్క మనిషి వినలేదు.

మైకుకి చెప్పగలిగినాను, అయ్య మొహం చూసి చెప్పలేకపోయినాను. అయ్యే, సరే, నీళ్ళడిగిందని సెప్పినావా అన్నాడు. చెప్పినాను అన్నాను. నాను పోసినాను గదా అన్నాడు. పోసినావు అయ్యా అన్నాను. ఇద్దరం అప్పుడు ఏడ్చినాం.

అక్టోబరు 10, శనివారం

పాట్రిక్‌ని తీసేసినారు. ఇవాళ సుంగై పెటానిలో మామగారింటికి పోతున్నారని తెలిసి స్టేషనుకి వెళ్ళినాను. ఎందుకు వెళ్ళినావని నన్ను నేను అడగలేదు. చూడాలని వెళ్ళినాను. మూటల మధ్య ఇవాంజలిన్ కళ్ళు వాచి ఉంది. ఆవిణ్ణి చూసి జాలి వేసింది. అతన్ని చూసి వెయ్యలేదు. అతను నన్ను చూసినాడు. టోపీ ముందుకి లాక్కున్నాడు. రైలు కదిలాక నాకు ఆకలేసింది. రెండు దోశలు తిన్నాను. అబద్ధం ఎందుకు, సంతోషంగా ఉంది.

అక్టోబరు 11, ఆదివారం

సంతోషం ఒక్క రాత్రి ఉంది.

పూజలో పోలయ్య కనపడినాడు. దొర ఎందుకు తీసేసినాడో చెప్పినాడు. ఎస్టేటు పెట్రోలు సొంత పనికి వాడినందుకు. అదొక్కటే కారణం. మరి డొరతీ మాట అన్నాడా అని అడిగినాను. అన్నాడు తల్లీ, రిగ్రెటబుల్ అన్నాడు, అంటే ఏటో నువ్వే సెప్పాలి, అన్నాడు పోలయ్య.

విచారించాల్సిన విషయం అని, అంతే, అన్నాను.

అక్టోబరు 14, బుధవారం

సెక్రటరీ చీటీ పంపించినాడు. వచ్చే నెల మళ్ళీ పాడమని.

ఒప్పుకున్నాను. ఈసారి మైకులో గట్టిగా పలకడానికి దొర అసలు పేరు ఏమిటో కనుక్కోవాలి. ఇన్నేళ్ళూ దొర అనే పిలిచినాం.